"వస్తువు బాగుంది, కథనం బలహీనం" అని కథ తిరిగి వచ్చినప్పుడు

మీ కథ మూడు పత్రికల నుంచి తిరిగి వచ్చిందని, వారిలో ఒక సంపాదకుడు మాత్రం "వస్తువు బాగుంది, కథనం బలహీనంగా ఉంది" అని ఒక వాక్యం రాశారని చెప్పారు. అంటే ఎంచుకున్న విషయం బాగుంది, చెప్పిన తీరు బాగాలేదని. ఆ వాక్యంతో ఏమి చేయాలో తోచక ప్రారంభం, సంభాషణలు, ఫ్లాష్‌బ్యాక్, మాండలికం, ముగింపు గురించి విడివిడిగా సలహా అడిగారు. కథ పూర్తిగా చదివాను. ఒక పత్రికకు వచ్చే కథలను వడపోసే పని చాలా ఏళ్లు చేశాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. ఇది పక్కన పడేయాల్సిన కథ కాదు. దీన్ని మళ్లీ రాయాలి.

ఇది చదివే మిగతావారికి కూడా అర్థం కావడానికి కథ క్లుప్తంగా చెబుతాను. తెనాలి పక్కన ఒక పల్లె. తండ్రి పోయి ఏడాది అయింది, వీలునామా రాయలేదు. ఆయన స్వార్జితం మూడెకరాల మాగాణి ఉంది. తల్లి బతికే ఉంది. పెద్ద కూతురు సుభద్ర గుంటూరులో కాపురం ఉంటోంది. ఆమెకు రమణ, శ్రీను అని ఇద్దరు తమ్ముళ్లు. పొలంలో తన వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల దస్తావేజు మీద అక్క సంతకం పెట్టాలని తమ్ముళ్లు అడుగుతారు. ఆమె పెడుతుంది. ఇంటికి వచ్చి ఏడుస్తుంది. చివర్లో తన కూతురికి ఆడపిల్లల హక్కుల గురించి నాలుగు మాటలు చెబుతుంది. కథ పేరు "త్యాగమూర్తి".

మీరు అయిదు ప్రశ్నలు అడిగారు కానీ నాకు అయిదింటికీ మూలం ఒక్కటే కనిపిస్తోంది. ఈ కథలో సుభద్ర ఎక్కడ, ఏ నిమిషంలో, దేనికీ దేనికీ మధ్య ఎంచుకుంటుందో మీరు ఇంకా తేల్చుకోలేదు. అది తేలకపోవడం వల్ల ప్రారంభం ఎక్కడ పెట్టాలో తెలియక తెల్లవారుజాముతో మొదలుపెట్టారు. ఏ జ్ఞాపకం అవసరమో తెలియక బాల్యం మొత్తం చెప్పారు. మనుషులు ఏమి కోరి మాట్లాడుతున్నారో తెలియక వారి చేత మీ అభిప్రాయాలు పలికించారు. ఆమె ఏమి ఎంచుకుందో కథలో కనిపించక చివర్లో ఉపన్యాసం పెట్టారు. కాబట్టి ముందు ఆ నిమిషాన్ని వెతుకుదాం.

మీరు సంతకం పెట్టే క్షణమే ఆ నిమిషం అనుకున్నారు. అక్కడే ఒక చిక్కుంది. రిజిస్ట్రేషన్ ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. సాధారణంగా దస్తావేజు లేఖరి దగ్గర కాగితాలు తయారవుతాయి, సంతకాలు అక్కడే అయిపోతాయి. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ముందుకు వెళ్లాలి. అక్కడ ఫోటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, సాక్షులు నిలబడతారు. రాసిచ్చిన మనిషిని అధికారి అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఇది రాసిచ్చింది మీరేనా? అవునంటే పని ముందుకు సాగుతుంది. తాను రాసివ్వలేదని ఆ మనిషి అంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అధికారి నమోదును నిరాకరించాలి. అంటే సంతకం పెట్టేసిన తర్వాత కూడా సుభద్ర చేతిలో ఒక మాట మిగిలి ఉంది. బయటివాడు అడిగే ప్రశ్న, తమ్ముళ్ల ఎదుట చెప్పాల్సిన జవాబు, తన సంతకాన్నే కాదనాల్సి వచ్చే పరిస్థితి. మీరు వెతుకుతున్న ఘట్టం ఆ కార్యాలయంలోనే ఉంది. మీరు దాన్ని "రిజిస్ట్రేషన్ పూర్తయింది" అని ఒక వాక్యంలో దాటేశారు.

ఇంకో సంగతి. రమణ "ఆడపిల్లకు చట్టంలో హక్కెక్కడిది" అంటాడు. పాత్ర తెలియక అనవచ్చు, తెలిసి అబద్ధం చెప్పవచ్చు. కానీ మీ కథకుడు కూడా ఆ మాటతో ఏకీభవించి "చట్టం కూడా ఆమె పక్షాన లేదు" అని రాశాడు. అది పొరపాటు. వీలునామా లేని తండ్రి స్వార్జితం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. ఉమ్మడి ఆస్తి అయినా, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే వాటా ఇచ్చింది. 2005 సవరణ దేశమంతటా కూతుళ్లను కొడుకులతో సమానం చేసింది. అసలు హక్కే లేకపోతే ఆమె సంతకం కోసం ఇన్ని తంటాలు ఎందుకు? పాఠకుడికి ఈ ప్రశ్న వచ్చిన క్షణం కథ మీద నమ్మకం పోతుంది. ఇదే లెక్కలో తల్లికి కూడా వాటా ఉంది. కొడుకుల పేరున పొలం పూర్తిగా మారాలంటే ఆమె కూడా రాసివ్వాలి. మీ కథలో ఆ రోజు ఆమె ఇంట్లో పడుకుని ఉంది. ఆమెను ఆ కార్యాలయానికి తీసుకురండి. తల్లి అప్పటికే వేలిముద్ర వేసి బెంచీ మీద కూర్చుని ఉంటే, కూతురు చెప్పే జవాబు బరువే వేరు.

వాస్తవాలు సరిచూసుకోమని చెప్పేది పరీక్షలో మార్కుల కోసం కాదు. చాలాసార్లు కథకు కావాల్సిన మలుపు వాస్తవంలోనే ఉంటుంది. ఊరు మారితే అది కూడా మారుతుంది. ఇదే కథ 2020 తర్వాత వరంగల్ పక్క పల్లెలో జరిగితే వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ కార్యాలయంలో జరగాలి, వాటాలు సెంట్లలో కాక గుంటల్లో మాట్లాడుకోవాలి. కాబట్టి ఒకరోజు వెళ్లి ఆ కార్యాలయం వరండాలో కూర్చోండి. ఎవరు ఎవరి పక్కన నిలబడుతున్నారో, ఎవరు ఎవరి సంచి పట్టుకున్నారో చూడండి.

ఇప్పుడు ప్రారంభం. మీ మొదటి పేరా ఇది:

"తెల్లవారింది. కిటికీలోంచి లేత ఎండ గదిలో పడుతోంది. నలభై ఎనిమిదేళ్ల సుభద్ర మంచం దిగి నిట్టూర్చింది. ముగ్గురు తోబుట్టువుల్లో ఆమె పెద్దది. తండ్రి పోయి ఏడాది అయింది. చిన్నప్పటి నుంచీ తమ్ముళ్ల కోసం ఆమె ఎన్నో త్యాగాలు చేసింది. ఈ రోజు ఆమె జీవితంలో మరచిపోలేని రోజు కాబోతోంది."

వాక్యాలు తప్పుగా లేవు. కానీ ఏడు వాక్యాల్లోనూ ఎవరికీ ఏమీ అవసరం పడలేదు. ఆరో వాక్యంలో తీర్పు కూడా ఇచ్చేశారు కాబట్టి సుభద్ర ఎలాంటి మనిషో పాఠకుడు తెలుసుకునే పని లేకుండా పోయింది. చివరి వాక్యం మాట ఇస్తుంది, ఏమీ చూపదు. దీని బదులు ఇలా మొదలైతే ఎలా ఉంటుందో చూడండి:

"'వేలిముద్ర సరిగా పడలేదమ్మా, ఇంకోసారి పెట్టండి' అన్నాడు కంప్యూటరు ముందున్న కుర్రాడు. తల్లి వేలు సుభద్రే కొంగుతో తుడిచింది. రమణ జేబులోంచి రుమాలు తీశాడు కానీ అప్పటికే ఆలస్యమైంది. శ్రీను మాత్రం గేటు దగ్గరే ఆగిపోయాడు, లోపలికి రాలేదు."

ఇక్కడ వయసు లేదు, త్యాగం అన్న మాట లేదు. అయినా ఎవరు పెద్ద, ఎవరు తొందరలో ఉన్నారు, ఎవరికి మొహం చెల్లడం లేదు అన్నవి తెలుస్తున్నాయి. ముసలామె వేలి గీతలు పొలం పనుల్లో అరిగిపోయి ఉంటాయని చదివేవారే ఊహించుకుంటారు. 1910లో వచ్చిన గురజాడ కథ "దిద్దుబాటు" ఎక్కడ మొదలవుతుందో గుర్తు తెచ్చుకోండి. అర్ధరాత్రి దాటాక భర్త ఇంటి తలుపు తడుతున్నాడు. భార్య చదువు సంగతి ఆ తర్వాతే.

అలాగని ప్రతి కథనూ కేకతోనో ఫోను మోతతోనో మొదలుపెట్టవద్దు. పోటీలకు వచ్చే కథల్లో అది కూడా ఒక అలవాటైపోయింది. నెమ్మదిగా మొదలైనా ఫరవాలేదు, ఎవరికో ఏదో కావాలి, అది దొరుకుతుందో లేదో తెలియకూడదు. అంతే.

మీరు అడగని ఒక విషయం మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ కథను అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసింది అదే. ఈ కథ ఎవరి కళ్లతో చూస్తున్నారు? మొదటి పేజీలో సుభద్ర మనసులో ఉన్నాం. రెండో పేజీలో "ఈమె ఒప్పుకుంటుందో లేదో అని రమణ లోలోపల భయపడ్డాడు" అన్నారు. మూడో పేజీలో రమణ భార్య మనసులో దురాశ చూపించారు. చిన్న కథలో ఇన్ని మనసుల్లోకి వెళితే ఏ మనసులోనూ స్థిరంగా ఉండలేం. రమణ భయం మీరే చెప్పేస్తే సుభద్ర దాన్ని కనిపెట్టే అవకాశం పోయింది. అతడు కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడని ఆమె చూస్తే చాలు. చూసి పొరపాటుగా అర్థం చేసుకుంటే ఇంకా మంచిది.

ఎవరి చూపు అన్నది నిలబెట్టుకోవడానికి తెలుగు మనకు గొప్ప సౌకర్యం ఇచ్చింది. "వాడు", "అతడు", "ఆయన", "ఆమె", "ఆవిడ", ఇవన్నీ దూరాలు. సుభద్ర కళ్లతో చెబుతున్నప్పుడు తమ్ముడు "వాడు", భర్త "ఆయన", సబ్ రిజిస్ట్రార్ "ఆయన" లేదా "ఆవిడ". మీ కథలో రమణ ఒక వాక్యంలో "వాడు", తర్వాతి వాక్యంలో "అతను", ఒకచోట "ఆయన" కూడా. చదివేవారికి కారణం తెలియకపోయినా కుదుపు తెలుస్తుంది. ఇదే సంగతిని తెలిసి వాడితే ఎంత పని చేయవచ్చో ఆలోచించండి. కథంతా రమణను "వాడు" అనే కథనం, రమణ అమ్మ చేయి పట్టుకుని బలవంతంగా వేలిముద్ర వేయించిన తర్వాత, ఒకే ఒక్కసారి "అతను" అంటే? అక్క మనసులో ఏదో తెగిందని వేరే వాక్యం రాయనక్కర్లేదు.

అలాంటిదే చిన్న "ట". "రమణ కారు తెచ్చాడు" అంటే సమాచారం. "రమణ కారు తెచ్చాడట, ఎండలో నడవక్కర్లేదట" అంటే ఆ మాటలు ఎవరో చెప్పారు, సుభద్ర విన్నది, పూర్తిగా నమ్మిందో లేదో మనకు తెలియదు. "సుభద్రకు అనుమానం కలిగింది" అని మీరు నాలుగుచోట్ల రాశారు. వాటిలో రెండుచోట్లయినా ఈ "ట" సరిపోతుంది.

వాక్యాల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మన క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి భూతకాలంలో చిన్న వాక్యాలు వరసగా పెడితే అన్నీ ఒకే చప్పుడుతో ముగుస్తాయి. "బస్సు దిగింది. చుట్టూ చూసింది. రమణ కనిపించాడు. దగ్గరకు వచ్చాడు. సంచి అందుకున్నాడు. నవ్వాడు." ఇవి మీ వాక్యాలే. "బస్సు దిగేసరికే రమణ ఎదురొచ్చి సంచి అందుకున్నాడు. అదే నవ్వు, నాన్న నవ్వు." అన్నప్పుడు మూడు పనులు ఒక వాక్యంలో కలిశాయి, రెండో వాక్యానికి క్రియే లేదు. మనకు అది సహజం. పైకి చదివితే ఎక్కడ చప్పుడు ఒకేలా ఉందో చెవికే తెలుస్తుంది.

సంభాషణలు. మీ రమణ అంటాడు: "అక్కా, నువ్వు మా కోసం ఎన్నో చేశావు, ఇప్పుడు నీ వాటా కూడా మాకు వదిలేయమని అడగడానికి నాకు సిగ్గుగా ఉంది." సుభద్ర అంటుంది: "రక్తసంబంధం కంటే ఆస్తి ఎక్కువ కాదు రమణా." మన ఇళ్లలో ఆస్తి గురించి ఎవరైనా ఇంత తిన్నగా మాట్లాడతారా? కావాల్సింది ఒకటి ఉంటుంది, మాట్లాడేది కాఫీ గురించి, బావగారి రక్తపోటు గురించి. చెప్పని దాని చుట్టూ మాటలు తిరుగుతాయి. నేనయితే ఇలా రాస్తాను:

"బావగారు రాలేదే?"

"ఆయనకు సెలవు దొరకలేదు."

"పోనీలే, ఈ ఎండలో ఆయనకు ఎందుకు శ్రమ. సాక్షులకు మా వాళ్లిద్దరిని పిలిచాను. నువ్వు కారులో కూర్చో అక్కా, ఏసీ వేయిస్తాను."

"అమ్మ మందులు ఎవరు తెస్తున్నారు?"

"ఈ నెల శ్రీను వంతు."

"పోయిన నెల?"

"పోయిన నెల కూడా శ్రీనే తెచ్చాడనుకుంటా."

పొలం అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. కానీ తల్లిని వంతులు వేసుకున్నారని, ఆ వంతులు కూడా సరిగా సాగడం లేదని తెలిసిపోయింది. బావగారు రాకపోవడం రమణకు ఊరట అని కూడా. సుభద్ర ఎదురు చెప్పలేదు, ప్రశ్న మాత్రం వేసింది. ప్రతి పాత్రకూ ఆ నిమిషంలో ఎదుటివారి నుంచి కావాల్సింది ఒకటి ఉండాలి. రమణకు అక్క కారులో కూర్చోవాలి, మిగతావారితో మాట్లాడకూడదు. సుభద్రకు అమ్మ సంగతి తెలియాలి. ఇద్దరూ తమ దారిలో లాగుతుంటే సంభాషణ దానంతట అదే నడుస్తుంది.

ఇందులో ఎక్కడా "అన్నాడు", "అంది" కూడా లేవు, గమనించారా? అక్కా అన్న పిలుపు, నువ్వు, గారు, ఇవే ఎవరు మాట్లాడుతున్నారో చెబుతాయి. అవసరమైనచోట "అన్నాడు" చాలు. "వాపోయింది", "గద్దించాడు", "పలికాడు" లాంటివి తీసేయండి. పిలుపుల్లో ఒక తప్పు దిద్దండి. రమణ భార్య సుభద్రను "అక్కా" అంటోంది. మీరు రాస్తున్న ప్రాంతంలో ఆమె "వదినా" అనాలి.

ఆ రమణ భార్య గురించే ఇంకో మాట. కథలో ఉన్న చెడు మొత్తం ఆమె నెత్తిన పెట్టారు. ఆమె సణిగింది కాబట్టే తమ్ముళ్లు అడిగారని తేల్చారు. ఇది చాలా పాత తప్పించుకునే దారి, రమణకు కూడా అన్యాయం. రమణకు న్యాయం చేయండి. అతనికి పాఠకుడు సమాధానం చెప్పలేని వాదన ఒకటి ఇవ్వండి. నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు అప్పు చేసింది రమణే. కాలువ నీళ్లు ఆలస్యమైన ఏడు ఇంజను పెట్టి నారు బతికించుకున్నదీ, వరి కోతకు ముందు మినుములు చల్లిందీ రమణే. బ్యాంకు అప్పు కోసం పట్టా తన పేరున కావాలి. అక్క పెళ్లికి నాన్న పెట్టిన ఖర్చు తీర్చడానికే అప్పట్లో ఒక ఎకరం అమ్మారని కూడా అతనికి తెలుసు. ఇవన్నీ నిజమైతే సుభద్ర "కాదు" అనడం కష్టం. "అవును" అనడం కూడా కష్టం, ఎందుకంటే ఆమె కూతురి చదువు ఫీజు నిజం, ఆమె భర్త రాకుండా ఆగిపోయిన కోపం నిజం. అప్పుడు మాత్రమే సబ్ రిజిస్ట్రార్ ప్రశ్నకు విలువ వస్తుంది. ఒక వైపు దురాశ, ఇంకో వైపు మంచితనం ఉంటే ఎంచుకోవడానికి ఏమీ మిగలదు, పాఠకుడికి జవాబు ముందే తెలిసిపోతుంది. నా అనుభవంలో పోటీల్లో చివరి వరుస దాకా వచ్చి ఆగిపోయిన కథల్లో చాలావాటికి లోటు ఇదే. రచయిత ఒక పాత్రను ప్రేమించి ఇంకో పాత్రను వాదనకు కూడా రానివ్వరు.

ఫ్లాష్‌బ్యాక్ విషయానికి వద్దాం. రెండో పేజీలో "సుభద్ర మనసు గతంలోకి జారుకుంది" అని మొదలుపెట్టి రెండు పేజీల బాల్యం చెప్పారు. తమ్ముళ్లను ఎత్తుకోవడం, బడి మానేయడం, నాన్నకు క్యారియరు తీసుకువెళ్లడం, అన్నీ మంచి విషయాలే. కానీ ఆ రెండు పేజీలూ మిగతా పాత్రలన్నీ చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. జ్ఞాపకాన్ని ఇప్పుడు జరుగుతున్నది పిలవాలి, వచ్చి రెండు మూడు వాక్యాల్లో వెళ్లిపోవాలి. దీనికి కూడా భాష మనకు సాయం చేస్తుంది. "శ్రీనును చంకన వేసుకుని కాలువ దాటించేది. వాడు భయపడి మెడ గట్టిగా పట్టుకునేవాడు." "దాటించేది", "పట్టుకునేవాడు" లాంటి క్రియలు వినగానే పాత రోజుల సంగతి అని తెలిసిపోతుంది. వేరే ద్వారం తెరవక్కర్లేదు. తర్వాతి వాక్యంలో గేటు దగ్గర తలవంచుకుని నిలబడ్డ శ్రీను దగ్గరకు మళ్లీ రావచ్చు. మీ జ్ఞాపకాల్లో కాలువ ఒక్కటి ఉంచండి. మిగతావి మీకు తెలిసి ఉంటే చాలు, కాగితం మీదకు రావాల్సిన పని లేదు. బడి మానేసిన సంగతి మాత్రం సంతకం చోట ఉపయోగపడవచ్చు. పేరు నెమ్మదిగా, అక్షరం అక్షరం రాస్తున్న చేయి కనిపిస్తే చాలు.

భావాల గురించి. "గుండె బరువెక్కింది", "కళ్లు చెమర్చాయి", "నిట్టూర్చింది", "మనసు మూగబోయింది" లాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి. ఇవి ఎవరి కథలోనైనా సరిపోతాయి కాబట్టి సుభద్ర కథలో ఏ పనీ చేయవు. అయితే వీటిని తీసేసి ప్రతిచోటా వణికే వేళ్లు, బిగిసే పిడికిళ్లు పెట్టమని చెప్పడం లేదు. అది కూడా ఇంకో అరిగిపోయిన అలవాటు. ఒక్కోసారి "ఆమెకు కోపం వచ్చింది" అని నేరుగా అనడమే బలం, ముఖ్యంగా ఎవరూ ఆశించని చోట. తమ్ముడు ఏసీ వేయిస్తానన్నప్పుడు ఆమెకు కోపం వచ్చిందని మూడు పదాల్లో చెప్పండి. ఎందుకు వచ్చిందో చెప్పకండి.

మాండలికం మీద మీ భయం నాకు అర్థమైంది. కథనాన్ని మీకు అలవాటైన వ్యావహారికంలో ఉంచండి. సంభాషణల్లో మీరు చెవులారా విన్న యాసనే రాయండి. మీ అమ్మమ్మ ఊరు తెనాలి పక్కనే అన్నారు, ఆమె వాక్యం ఎలా కట్టేదో, ఏ మాటతో మొదలుపెట్టేదో గుర్తు తెచ్చుకోండి. క్రియల చివరలు మాత్రం మార్చినంత మాత్రాన యాస రాదు. దస్తావేజు లేఖరికి తెలంగాణ యాస పెట్టారు, కారణం ఏమీ లేదు. అది తీసేయండి.

ముగింపు. సుభద్ర కూతురికి చెప్పే ఆఖరి రెండు పేరాలు కొట్టేయండి. అవి మీ నమ్మకాలు, మంచి నమ్మకాలు. వ్యాసంగా రాస్తే నేను కూడా చదువుతాను. కథలో మాత్రం అప్పటిదాకా జరిగినదాన్ని పాఠకుడు తనంతట తాను తూచుకునే అవకాశాన్ని అవి లాక్కుంటున్నాయి. ఏడుపు కూడా అక్కర్లేదు. అధికారి ప్రశ్న, ఆమె జవాబు, జవాబు తర్వాత ఆమె చేసే మొదటి పని. కథ అక్కడితో అయిపోతుంది.

జవాబు ఏమిటన్నది మీరే తేల్చుకోవాలి. "అవును" అంటే కథ చేదుగా మారుతుంది, కానీ నిజానికి దగ్గరగా ఉంటుంది. "కాదు" అంటే పాఠకుడు సంతోషిస్తాడు, కానీ అప్పుడు రమణ అప్పు, తల్లి పరిస్థితి మీ మెడకు చుట్టుకుంటాయి, వాటికి మీరు సమాధానం చెప్పాలి. మూడో దారి కూడా ఉంది. "అమ్మ వాటా అమ్మ పేరునే ఉంచండి, అప్పుడు నాది రాసిస్తాను" అని ఆమె అక్కడికక్కడే అనవచ్చు. దానికోసం దస్తావేజు మళ్లీ రాయాలి, ఆ రోజు పని ఆగిపోతుంది, తమ్ముళ్ల మొహాలు చూడాలి. నాకు ఇది ఎక్కువ నచ్చింది, ఎందుకంటే ఇందులో సుభద్ర పోగొట్టుకునేది కూడా ఉంది, కాపాడుకునేది కూడా ఉంది. కానీ కథ మీది. మీ సుభద్రకు అంత నోరు ఉందో లేదో మీకే తెలియాలి.

పేరు మార్చండి. "త్యాగమూర్తి" అన్నాక ఆమె ఏమి చేసినా త్యాగమే అవుతుంది. "సాక్షులు" అని పెట్టి చూడండి.

దిద్దేటప్పుడు పాత ప్రతిని పక్కన పెట్టుకోకండి. దాన్ని చూస్తూ రాస్తే పాత వాక్యాలే కొంచెం సర్దుకుని మళ్లీ వచ్చి కూర్చుంటాయి. ముందు కార్యాలయం దృశ్యం ఒక్కటే రాయండి. తల్లి వేలిముద్రతో మొదలై సుభద్ర జవాబుతో ఆగాలి, ఆరేడు వందల పదాలు దాటకూడదు. అది నిలబడితే, దానికి ముందు ఏమి కావాలో అదే అడుగుతుంది, బహుశా బస్సు దిగడం ఒక్కటే సరిపోతుంది. ఆ దృశ్యం రాయగానే ఇక్కడ పెట్టండి, చదువుతాను. తల్లి ఎదురుగా కూర్చుని చూస్తుంటే సుభద్ర నోట ఏ మాట వస్తుందో నాకు కూడా తెలుసుకోవాలని ఉంది.